వాకిట్లో రెండు గీతలు

నవంబర్ 4, సోమవారం

ఈ డైరీ ఎరువుల కొట్టు వాళ్ళు జనవరిలో ఇచ్చారు. పది నెలలుగా గూట్లో పడి ఉంది. ఈరోజు నుంచి రాస్తాను. చెప్పుకోవడానికి మనుషులు లేక కాదు. కొన్ని సంగతులు జరిగిన రోజే రాసి పెట్టకపోతే నాలుగు రోజుల తర్వాత నేనే వేరేగా చెబుతాను. నా సంగతి నాకు తెలుసు. ఇంట్లో మా మాట ఉర్దూ అయినా రాత మాత్రం తెలుగే. బడిలో అబ్బింది ఇదొక్కటే.

మొదట మంచి సంగతి. కలువాయి నుంచి సిద్ధయ్య తన బూడిదరంగు గుర్రాన్ని మినీ లారీలో ఎక్కించుకుని వచ్చాడు. వారం నుంచి కుంటుతోందట. ఇద్దరు డాక్టర్లు చూశారట. నేను దాన్ని చూడను కూడా లేదు. అరుగు మీద కూర్చుని కళ్ళు మూసుకుని, తారురోడ్డు మీద ఒకసారి పరిగెత్తించమన్నాను. అది పోయి తిరిగి వచ్చేలోగా చెప్పేశాను.

"ముందర ఎడమ కాలు. పైన ఏం లేదు. డెక్క అడుగున చూడండి."

గుర్రాల డెక్కలకు ఇనప నాడాలు కొట్టే మస్తాన్ కత్తితో గీకాడు. గోరంత గులకరాయి, దాని వెనక చీము. సిద్ధయ్య చేతులు జోడించాడు. ఉదయగిరిలో ఖలీలుల్లా చెవి అంటే ఇది. నా ఎనిమిదో ఏట మా నాయన నా కళ్ళకు తువాలు కట్టి దుత్తలూరు రోడ్డు పక్కన కూర్చోబెట్టేవాడు. జట్కా వెళ్ళిపోగానే "ఏ కాలురా?" అనేవాడు. తప్పు చెబితే కమ్చీ కర్రతో మోకాలి మీద ఒక్కటి తగిలేది. నొప్పి ఉన్న కాలు నేలను తేలికగా తాకుతుంది, పక్క కాలు బరువుగా పడుతుంది. ఆ తేడా చెవికి దొరికినంత నిజంగా కంటికి దొరకదు. కన్ను మోసపోతుంది అనేవాడు నాయన.

జట్కాలు పోయాయి. చివరి జట్కా మాదే, దాని చివరి గుర్రానికి పుట్టిందే బిజిలీ. మా వాకిట్లోనే పుట్టింది, నా చేతుల్లోకే జారింది. ఇప్పుడు దానికి పదకొండేళ్ళు. ఈ చుట్టుపక్కల దాని ఆట లేకుండా పెద్దింటి పెళ్ళి జరగదు. తప్పెట మోగితే వెనక కాళ్ళ మీద లేచి, నేను పదిహేను లెక్కపెట్టేదాకా దిగదు. లేచి నిలబడి నాలుగు అడుగులు కూడా వేస్తుంది. నేర్పింది నేనే.

ఈ పొద్దున మాత్రం కాస్త బిగిసి నడిచింది. వాన తేమ. పది నిమిషాలు తిప్పితే సర్దుకుంది. రోడ్డు మీద పరిగెత్తించి విన్నాను. అన్ని కాళ్ళూ ఒకే బరువు. శుభ్రం.

నవంబర్ 9, శనివారం

బిజిలీకి నాడాలు మార్చే రోజు. వెనక కాలు ఎత్తితే నిమిషం కూడా ఉంచనివ్వలేదు, లాగేసుకుంది. రెండోదీ అంతే. మస్తాన్ ఊడదీసిన పాత నాడాలు నా ముందు పెట్టాడు.

"చూడు భాయ్. వెనక నాడాలు రెండూ ముందు అంచు అరిగి బ్లేడు మాదిరి అయినాయి. ముందర కాళ్ళవి బాగానే ఉండాయి. ఇది కాలు ఎత్తి వెయ్యడంలా, ఈడుస్తా ఉండాది."

"నువ్వు తెచ్చే ఇనుము అట్లాంటిది."

"నాలుగిటికీ ఒకే ఇనుము గదా భాయ్."

ఇరవై ఏళ్ళుగా నాడాలు కొడుతున్నాడు కాబట్టి అన్నీ తెలుసనుకుంటాడు. రోడ్డు మీద పరిగెత్తించి వినిపించాను. టకటకా ఒకే తాళం. "కుంటే గుర్రం ఇట్లా మోగుతాదా?" అన్నాను. వాడు సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు. టీ కూడా తాగలేదు.

నవంబర్ 10

విన్నాను. శుభ్రం.

నవంబర్ 13, బుధవారం

నా భార్య జైతూన్ పొద్దున చీపురు పట్టుకుని నన్ను వాకిట్లోకి పిలిచింది. దొడ్డి నుంచి గేటు దాకా దుమ్ములో రెండు గీతలు. డెక్క గుర్తు, దాని ముందు వేలెడు పొడుగు గీత. మళ్ళీ డెక్క, మళ్ళీ గీత.

"నెల నుంచి ఊడుస్తా ఉండాను, రోజూ ఉంటాండాయి. ముందు ఈ గీతలు లేవు" అంది.

గుర్రాల సంగతి గరిటెలు చెక్కినంత సులువు కాదని అన్నాను. అనకుండా ఉండాల్సింది. నలభై ఏళ్ళుగా నర్ది చెక్కతో గరిటెలు చెక్కుతోంది. వెంట్రుకవాసి తేడా ఉంటే వేలితో తడిమి పక్కన పడేస్తుంది. గీతలు ఊడ్చేసింది.

నవంబర్ 17, ఆదివారం

వరికుంటపాడులో పెళ్ళి. బాగా జరిగింది. బిజిలీ మీద ఎర్ర మఖ్మల్ జీను, కొత్త గజ్జెలు. జనం ఎప్పటిలాగే ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు. ఆట మాత్రం కొంచెం తగ్గింది. లేచింది, రెండు లెక్కపెట్టేలోగా దిగిపోయింది. చెవులు వెనక్కి పెట్టుకుంది. బ్యాండు వాళ్ళ తాళం సరిగ్గా లేదు. కమ్చీ చూపించాను. మళ్ళీ లేచింది.

ఎవరో వెనక నుంచి "ముసలితనం వచ్చేసినాది" అన్నారు. దాన్నే అన్నారో నన్నే అన్నారో తెలియదు.

నవంబర్ 18

చూపించలేదు. కొట్టాను. రెండుసార్లు. పదకొండేళ్ళలో ఎన్నడూ లేదు.

నవంబర్ 20, బుధవారం

నాయన వాత ఇనుము అటక మీద నుంచి తీశాను. మూరెడు కడ్డీ, కొసన మొన. తుప్పు పట్టి ఉంది. జైతూన్ గరిటెలకు వాడే ఆకురాయి తీసుకుని రుద్దాను. నొప్పి ఉన్నచోట ఎర్రగా కాల్చి చుక్కలు పెడితే రక్తం అటు పరిగెత్తి నొప్పి లాగేస్తుందని నాయన అనేవాడు. జట్కా గుర్రాలకు పెట్టేవాడు. కొన్ని బాగయ్యాయి. బాగవ్వనివి ఏమయ్యాయో నాకు గుర్తు లేదు.

శుభ్రంగా మోగే గుర్రానికి వాత ఎందుకు తీశానో నాకే తెలియదు. జబ్బు ఉందని ఒప్పుకోవడం కాదిది. ముందు జాగ్రత్త.

నవంబర్ 22, శుక్రవారం

నమాజు నుంచి వచ్చేసరికి ఇనుము కనిపించలేదు. జైతూన్‌ను అడిగాను. చెక్క జల్లిగరిటెకు కన్నాలు కాల్చడానికి ఇదే కావాల్సి వచ్చిందట. ఇన్నాళ్ళూ మేకుతో కాల్చి అవస్థ పడిందట. పొయ్యిలో ఉంది ఇనుము, చేతిలో గరిటె ఉంది, అప్పటికే సగం కన్నాలు అయ్యాయి.

"అది గుర్రానికి" అన్నాను.

"గుర్రానికి ఏం జబ్బని?"

ఆమె కన్నాలు కాలుస్తూనే చెప్పింది. ఆత్మకూరు పశువుల ఆసుపత్రిలో కొత్తగా ఒక డాక్టరమ్మ వచ్చిందట. సోమవారానికి మినీ లారీ కూడా మాట్లాడేసిందట, మస్తాన్ తోడు వస్తాడట. నేను లేని టైములో వీళ్ళంతా మాట్లాడుకుంటున్నారు.

సరే, వెళ్తాను. ఒక డాక్టరు కూడా శుభ్రమేనని చెబితే మస్తాన్ నోరు మూతపడుతుంది.

నవంబర్ 25, సోమవారం

ఆత్మకూరు. గేదెలు, గొర్రెలు, ఒక కుక్క, వాటి మధ్య నా బిజిలీ. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు. మెడ ఎత్తి నడిచింది. అది నడుస్తుంటే నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది, దాచుకోను.

డాక్టర్ నవ్యశ్రీ చిన్న పిల్ల. నా కూతురు సాయిరా కంటే చిన్నది. కలువాయి అమ్మాయట. "ఇక్కడికొచ్చినాక మొదటి గుర్రం ఇదే పెద్దాయనా. అందుకని నిదానంగా చూస్తాను" అంది. ఆ మాట నచ్చింది. తెలియని చోట తెలియదని చెప్పే డాక్టర్లు తక్కువ.

వెనక నిలబడి చాలాసేపు చూసింది. రెండు వెనక కాళ్ళ కీళ్ళ మీద అరచేతులు పెట్టి, లోపలి వైపు కింద బొటనవేలితో తడిమింది. "మనం వెనక మోకాలు అంటాము గానీ, గుర్రానికి మోకాలు పైన పొట్ట దగ్గర ఉంటాది. ఇది మన చీలమండ లాంటిది. హాక్ అంటారు. ఇక్కడ గట్టిగా తగులుతా ఉండాది, రెండు పక్కలా. మీరూ చూడండి."

నేనూ తడిమాను. బిజిలీ ఎముకే అంత అన్నాను.

"ఏం పని చేయిస్తారు దీంతో?"

"నడక. పెళ్ళిళ్ళలో నడుస్తాది."

మస్తాన్ నా వైపు చూశాడు. నేను లారీ వైపు చూశాను. అది అబద్ధం కాదు. నడుస్తుంది కూడా.

తర్వాత ఎడమ వెనక కాలు మడిచి పొట్టకు ఆనించి నిమిషంన్నర పట్టుకుంది, ఫోనులో టైము చూస్తూ. వదిలీ వదలగానే మస్తాన్‌ను పరిగెత్తించమంది. బిజిలీ మొదటి పది అడుగులు దాదాపు మూడు కాళ్ళ మీద పోయింది. కాసేపు ఆగి కుడి కాలికీ అట్లాగే చేసింది. అప్పుడూ అంతే.

"నిమిషంన్నర మడిచి కూర్చుంటే నా కాలూ అంతేనమ్మా. కుంటుంటే నాకు వినపడాలి గదా. తాళం ఒకటే ఉండాది" అన్నాను. నాయన సంగతి, తువాలు సంగతి, సిద్ధయ్య గుర్రం సంగతి అన్నీ చెప్పాను. ఆమె నవ్వలేదు. శ్రద్ధగా విన్నది.

"అయితే వచ్చే సోమవారం రండి. మీ చెవితోనే తేలుద్దాము" అంది.

నవంబర్ 28

ఈ వారం రోజూ పొద్దున జైతూన్ చీపురు పట్టకముందే లేస్తున్నాను. గీతలు చూడటానికి కాదు. మెలకువ వస్తోంది.

ఉన్నాయి.

డిసెంబర్ 2, సోమవారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

డాక్టరమ్మ నన్ను ఆసుపత్రి ముందు వరండాలో కుర్చీలో కూర్చోబెట్టింది. వెనక షెడ్డులో బిజిలీకి ఒక వెనక కాలి కీలు తాత్కాలికంగా మొద్దుబారేలా సూది వేస్తానంది. పన్ను పీకే ముందు వేసే సూదిలాంటిదట. గంటా రెండు గంటలు ఆ కాలికి నొప్పి తెలియదు. "ఏ కాలికి వేసేది మీకు చెప్పను. మీరు చూడద్దు కూడా. వినండి" అంది. నాకు భలే ఉత్సాహం వచ్చింది. యాభై ఏళ్ళ తర్వాత మళ్ళీ ఎవరో నా కళ్ళకు తువాలు కట్టినట్టు అనిపించింది. తువాలు నిజంగానే కట్టుకున్నాను. గేదెల వాళ్ళు చుట్టూ చేరారు.

అరగంట ఆగారు. తర్వాత మస్తాన్ సిమెంటు బాట మీద పరిగెత్తించాడు. దూరం నుంచే వినపడింది. తేడా అంత స్పష్టంగా ఉంది. టక్, అని బరువుగా ఒకటి, తేలికగా ఒకటి. ఎనిమిదేళ్ళ పిల్లవాడైనా చెప్పగలడు. నా ముందు దాటకముందే చెయ్యి ఎత్తాను.

"కుడి కాలు. వెనక కుడి. నొప్పి బాగా ఉండాది, భూమ్మీద ఆనించడంలా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఆహా అన్నారు. తువాలు విప్పాను. డాక్టరమ్మ నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని ఉంది.

"బాగా చెప్పినారు. కుడి కాలే" అంది. "సూది నేను ఎడమ కాలికి వేసినాను పెద్దాయనా. కుడి కాలు ముట్టుకోలేదు."

నాకు వెంటనే అర్థం కాలేదని రాస్తే అబద్ధం. వెంటనే అర్థమయింది. కుడి కాలు ఈరోజు కొత్తగా కుంటలేదు. ఎడమ కాలి నొప్పి పోయింది కాబట్టి కుడి కాలి నొప్పి బయటపడింది. ఇన్నాళ్ళూ రెండు కాళ్ళూ ఒకే లెక్కన నొప్పి పడ్డాయి. రెండూ ఒకే లెక్కన తేలికగా తాకాయి. తాళం ఒకటే. నేను శుభ్రం అని రాసుకున్నాను.

ఈ జబ్బు తెలియనివాణ్ణా నేను? మావాళ్ళు దీన్ని హడ్డా అంటారు, వెనక కాలి కీలులో ఎముక పెరగడం. ఎంతమంది గుర్రాలకు చెప్పాను, ఒంటి కాలికి వచ్చినప్పుడు. రెండు కాళ్ళకూ సరిసమానంగా వస్తే చెవికి అందదని నాయన నేర్పలేదు. ఆయనకు తెలిసే అవసరం రాలేదేమో. జట్కా గుర్రాలు రెండు కాళ్ళ మీద లేచి ఆడేవి కావు.

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది, మెల్లగా. "ఏం పని చేయిస్తారు దీంతో?"

"ఆడిస్తాను. వెనక కాళ్ళ మీద నిలబెడతాను. ఏడేళ్ళుగా. నేనే నేర్పినాను" అన్నాను.

అంతమందిలో ఏడ్చాను. గేదెల వాళ్ళు అటు తిరిగారు. బిజిలీ వచ్చి నా భుజం మీద ముక్కు పెట్టింది. అది ఎప్పుడూ అట్లా పెడుతుంది, ఈరోజు కోసమని కాదు.

డిసెంబర్ 3

నిన్న రాసింది మళ్ళీ చదివాను. ఒక్క మాట మార్చను.

డిసెంబర్ 6, శుక్రవారం

చేతిలో పట్టుకునే ఎక్స్‌రే మిషను ఆత్మకూరుకు తెప్పించి తీశారు. కీలు కింది వరసలో పలక బిళ్ళల్లాంటి చిన్న ఎముకలు. వాటి అంచులు గరుకుగా పెరిగి ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పింది శ్రద్ధగా రాసుకుంటున్నాను. ఈ బిళ్ళలు పెద్దగా కదిలే కీలు కావు. కాలం గడిస్తే ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు, అప్పుడు నొప్పి దానంతట అది తగ్గుతుంది. అప్పటిదాకా కీలులోకి సూదిమందు ఒకసారి, మేతలో పొడి పది రోజులు. నాడా ముందు అంచు గుండ్రంగా చెయ్యాలి, కాలు సులువుగా దొర్లడానికి. కట్టేసి ఉంచకూడదు. రోజూ నడపాలి, మెత్తటి నేల మీద, తిన్నగా. గిరుక్కున తిప్పకూడదు.

"ఆట?" అన్నాను. ఎందుకు అడిగానో. తెలుసు గదా.

"ఇంక ఆట లేదు పెద్దాయనా. నడక ఉంటాది. బాగా చూసుకుంటే చానా ఏండ్లు నడుస్తాది. ఆడిస్తే ఏడాదికి లేవదు."

వాత గురించి కూడా అడిగాను. వాత పెడితే ఒక నొప్పి పక్కన ఇంకో నొప్పి చేరుతుంది, అంతే అంది. జల్లిగరిటె సంగతి చెబితే మొదటిసారి నవ్వింది.

డిసెంబర్ 8

మస్తాన్ నాడాలు మార్చాడు. ఇనుము మంచిదేనని చెప్పాను. "ఆ సంగతి నాకు తెలుసు భాయ్" అన్నాడు. రెండు టీలు తాగాడు.

డిసెంబర్ 11, బుధవారం

కొత్త పద్ధతి. పొద్దున నేను బిజిలీని దొడ్డి నుంచి గేటు దాకా ఒకసారి నడిపిస్తాను. జైతూన్ వెనకే వంగి చూస్తుంది. గీత ఎంత పొడుగుందో వేళ్ళతో కొలుస్తుంది. అప్పుడే చీపురు. ఈరోజు కుడి వైపు మూడు వేళ్ళు, ఎడమ రెండున్నర. అర వేలు ఎట్లా కొలిచావంటే, "గరిటె కాడకు కొలిచినట్టే" అంది. ఆ రోజు నేనన్న మాట ఆమె మర్చిపోలేదు. నేనూ మర్చిపోలేదు. క్షమించమని అడిగాను. "నడిపించు, నడిపించు" అంది.

డిసెంబర్ 19

కుడి రెండు. ఎడమ ఒకటి. పొడి బెల్లంలో పెడితేనే తింటోంది. దుర్గం కొండ కింద ఇసుక బాట మీద అరగంట నడిపాను.

దారిలో దసరా బొమ్మలాగా నిలబడిపోయి నా వైపు చూసింది. ఎందుకు ఆగిందో చూసుకుంటే నేనే ఆగాను. మోకాళ్ళు. నొప్పి చాలా రోజుల నుంచే ఉంది. మసీదులో కుర్చీ వేసుకుని నమాజు చేస్తున్నది రెండేళ్ళ నుంచి. పెద్దవాళ్ళకు అది హుందాగా ఉంటుందని వేసుకున్నాను.

డిసెంబర్ 27

కుడి ఒకటి. ఎడమ లేదు. జైతూన్ రెండుసార్లు చూసింది. లేదు.

జనవరి 8

కొత్త డైరీ ఇంకా ఎవరూ ఇవ్వలేదు. దీంట్లోనే ముందు పేజీలకు వచ్చి రాస్తున్నాను. అచ్చులో సోమవారం అని ఉంది, ఈరోజు బుధవారం.

సురేంద్రబాబు వచ్చాడు. ఉదయగిరి బజారులో పెద్ద బట్టల కొట్టు, మంచి మనిషి. ఫిబ్రవరి ఇరవైన కొడుకు పెళ్ళి. బిజిలీని ఆరు నెలల ముందే చెప్పిపెట్టుకున్నాడు. నడుస్తుంది గానీ ఆడదు అన్నాను. పాటగాడు వానకు గొంతు పోయిందని చెప్పినట్టు, ఇప్పుడు కాస్త బాగోలేదు అన్నాను. ఎందుకు ఆడదో చెప్పలేదు.

"అప్పటికి నెలా పైన టైముంది గదా సాయబూ. సర్దుకుంటాదిలే. ఒక్కసారి లేస్తే చాలు. మా బంధువులకంతా చెప్పుకోనున్నాను" అన్నాడు.

నేను అవుననలేదు, కాదనలేదు. టీ ఇచ్చి పంపాను.

జనవరి 9

కాదని ఎందుకు అనలేదు? బిజిలీ ఆడదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే చెప్పాలి. ఆత్మకూరులో గేదెల వాళ్ళ ముందు చెప్పడం వేరు. ఇక్కడ నాయన పేరు ఉంది.

జనవరి 30

కుడి లేదు. ఎడమ లేదు. పదకొండో రోజు ఇట్లా. డాక్టరమ్మ మళ్ళీ కాలు మడిచి పట్టుకుని వదిలింది. రెండు అడుగులు బిగిసి వేసింది, మూడో అడుగుకు సర్దుకుంది. "ఊరేగింపుకు నడవచ్చు. తిన్నగా, నిదానంగా" అంది. ఆ ఒక్క మాటే కాయితం మీద రాసి నా చేతికి ఇచ్చింది. మస్తాన్ దాన్ని సగం ఊరికి చదివి వినిపించాడు.

ఫిబ్రవరి 20

అచ్చులో మంగళవారం. ఈరోజు గురువారం.

ఊరేగింపు సాయంత్రం ఐదింటికి బయలుదేరింది. ఇంట్లో దీపం పెట్టేసరికి వచ్చేశాను, వెంటనే రాస్తున్నాను. 

బిజిలీ ఒళ్ళు అద్దంలా తుడిచాను. ఎర్ర జీను, గజ్జెలు. పెళ్ళికొడుకు రాఘవ కాస్త బరువైనవాడే, జాగ్రత్తగా ఎక్కించాను. బస్టాండు దాకా మామూలు పాట. అక్కడ జనం ఆగి వలయం కట్టారు. ఫోన్లు పైకి లేచాయి. సురేంద్రబాబు బ్యాండు వాళ్ళకు చెయ్యి ఊపాడు. తప్పెట ఆ తాళంలోకి మారింది. నేను ఏడేళ్ళ కింద బిజిలీకి నేర్పిన తాళం.

నేను కళ్ళెం పట్టుకుని ఉన్నాను. నేను ఏమీ అనలేదు. బిజిలీయే మెడ పైకి ఎత్తింది. వెనక కాళ్ళు లోపలికి పెట్టుకుని ఒళ్ళంతా వెనక్కి కూడదీసుకుంది. నొప్పి తెలిసిన గుర్రం. అయినా నేను నేర్పాను కాబట్టి లేవబోతోంది. దాని ముందుకు వెళ్ళి నుదుటికి నుదురు ఆనించి రెండు చేతులా మెడ పట్టుకున్నాను. "వద్దు బేటీ, వద్దు" అన్నాను. బిగించిన ఒళ్ళు సడలించింది.

"ఆపండయ్యా" అని బ్యాండు వాళ్ళ మీద కేక వేశాను. ఆగిపోయింది. బస్టాండు బస్టాండంతా నా వైపు చూసింది.

సురేంద్రబాబు దగ్గరికి వచ్చాడు. "ఏంది సాయబూ, ఒక్కసారి లేపు. అందరూ చూస్తా ఉండారు."

"లేవదు బాబూ. ఇంక ఎప్పటికీ లేవదు." నా గొంతు నాకే పెద్దగా వినపడింది. "లేపి లేపి దాని వెనక కాళ్ళు నేనే చెడగొట్టినాను. నా చెవికి తెలియని జబ్బు లేదని తిరిగినాను. నా ఇంట్లో గుర్రం నొప్పి నాకు తెలియలేదు. నా భార్య చూసింది, మస్తాన్ చూసినాడు. నేను వినలేదు. నెలలు పట్టింది బాగు చేసుకునేదానికి. ఇది ఆడదు. నడుస్తాది. దీని మాదిరి నడిచే గుర్రం నెల్లూరు జిల్లాలో లేదు. కావాలంటే చూడండి."

పూలంగడి మాలకొండమ్మ ముందుగా నోరు తెరిచింది. "నడిపించు సాయబూ. అది లేచినప్పుడల్లా నాకు గుండె దడ. నడకే బాగుండాది."

పైన కూర్చున్న రాఘవ, "నాకూ అదే భయంగా ఉండాది నాయనా" అన్నాడు వాళ్ళ నాన్నతో. జనం నవ్వారు. సురేంద్రబాబు జేబురుమాలు తీసి బిజిలీ నుదుటి మీద చెమట తుడిచాడు. బ్యాండు మేస్త్రి ఏం అనుకున్నాడో, నడకకు సరిపోయే నిదానమైన తాళం ఎత్తుకున్నాడు.

బిజిలీ నడిచింది. మెడ వంచి, తోక ఎత్తి, ఒక్కో కాలూ పైకి లేపి పెడుతూ బజారు మధ్యలో నడిచింది. జనం రెండు పక్కలా జరిగారు. కళ్ళు మూసుకుని వినాలన్న ఆశ కలిగింది. మూసుకోలేదు. కళ్ళు తెరిచి దాని వెనక కాళ్ళనే చూస్తూ పక్కన నడిచాను. నా జన్మలో అంత గర్వంగా ఎన్నడూ నడవలేదు. అది ఆడిన రోజుల్లో కూడా లేదు.

పెళ్ళి ఇంటి ముందు రాఘవను దించి, బిజిలీని మట్టి దారిన ఇంటికి తీసుకొచ్చాను. జీను విప్పి, కాళ్ళకు చల్లటి నీళ్ళు పోసి, బెల్లం పెట్టాను. రేపు పొద్దున గీతలు ఉంటే అంతా వృథా. చూడాలి.

ఫిబ్రవరి 21

ఇంకా పూర్తిగా తెల్లారకముందే జైతూన్ పిలిచింది. చీపురు గోడకు ఆనించి ఉంది. గేటు దగ్గర వంగి నిలబడింది.

"గీతలు ఉండాయి" అంది.

మెట్లు దిగడానికి గోడ పట్టుకున్నాను. నిన్న అంతమంది ముందు అన్న మాటలన్నీ చెవిలో తిరిగాయి. చివరికి దగ్గరికి వెళ్ళి చూశాను. గేటు నుంచి దొడ్డి దాకా పొడవునా రెండు వరసల గీతలు, ఒక్కొక్కటి నాలుగు వేళ్ళ పొడుగు, ఒకదాని పక్కన ఒకటి, సమానంగా.

జైతూన్ నా చెయ్యి పట్టుకుని ఇంకాస్త వంచింది. గీతలకు కుడి పక్కన డెక్కల గుర్తులు. కొత్త నాడాల అంచులు గుండ్రంగా, ఒక్కొక్కటీ అచ్చు పోసినట్టు, వాటి ముందు దుమ్ము చెక్కుచెదరలేదు. దొడ్డి దాకా అన్నీ అంతే. ఒక్క గీత లేదు.

ఇటు పక్క గీతల మధ్య ఉన్నది చెప్పుల గుర్తు. నాది.

"రెండు కాళ్ళూ ఒకే లెక్కన ఈడుస్తా ఉండావు, అందుకే ఎవురికీ కుంటినట్టు కనపడవు" అంది జైతూన్. "సోమవారానికి నెల్లూరు డాక్టరుకు చెప్పి పెట్టినాను."

ఈసారి కాదనలేదు. ఆమె చీపురు అందుకోబోతే ఆపాను. గుర్రం వైపు ఉన్న గుర్తులు ఈ ఒక్కరోజుకు ఊడ్చవద్దన్నాను. మస్తాన్‌కు చూపించాలి.